వదిలేసిన చేప మళ్లీ మనకే దొరుకుతుందా? పులికాట్ ఊతలు, కొలంబియా సాల్మన్

జువాలజీ_అక్క (తిరుపతి) · ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. తిరుపతిలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్తాను. కిందటేడు జూలైలో మా తమ్ముడికి పాప పుట్టిందని అమెరికా వెళ్లాను. వాళ్లుండేది వాషింగ్టన్ రాష్ట్రంలో. ఒక శనివారం నన్ను తూర్పు వైపు, కొలంబియా నదిలో ఒకనోగన్ నది కలిసే చోటికి తీసుకెళ్లాడు. అక్కడ చూసింది ఇన్నాళ్లూ మనసులోనే తిరుగుతోంది. మన పులికాట్ సరస్సు గురించి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

ఆ ప్రాంతంలో కోల్విల్ అనే గిరిజన సమాఖ్య ఉంది. 12 తెగలు కలిసిన సమాఖ్య అది. వాళ్ల తిండి, పండగ, పెళ్లి అన్నీ సాల్మన్ చేప చుట్టూనే. ఆ చేప సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికే వస్తుంది. ఒకనోగన్ దాకా రావాలంటే సముద్రం నుంచి దాదాపు 850 కిలోమీటర్లు ఎదురీదాలి, దారిలో తొమ్మిది డ్యాములు దాటాలి. పదోది చీఫ్ జోసెఫ్ డ్యామ్, దానికి చేపలు ఎక్కే మెట్లే కట్టలేదు. అక్కడితో దారి ఆఖరు. కొలంబియా ఎగువ భాగానికి వసంతకాలంలో వచ్చే చినూక్ సాల్మన్‌ను 1999లో అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో చేర్చారు.

ఇక నేను చూసింది. వేసవిలో ఒకనోగన్ నీళ్లు బాగా వేడెక్కుతాయి, చేప ఆ వేడిలోకి పోదు. చల్లగా ఉన్న కొలంబియాలో, నదులు కలిసే మూలలో గుంపుగా ఆగి, నీళ్లు చల్లబడే రోజు కోసం చూస్తుంది. కోల్విల్ వాళ్ల పడవ సరిగ్గా అక్కడికే వెళ్తుంది. వల మన విశాఖ వైపు గొడవలకు కారణమైన రింగు వల లాంటిదే. గుంపు చుట్టూ తిప్పి, అడుగున తాడు లాగి సంచిలా మూస్తారు. కానీ పైకి ఎత్తి కుమ్మరించరు. వలను పడవ పక్కకు దగ్గరగా తెచ్చి, చేప నీళ్లలో ఉండగానే చిన్న చేతి వలతో ఒక్కొక్కటే తీసి, నీళ్లు పారుతున్న తొట్టిలో వేస్తారు. ఒక అమ్మాయి చేపను రెండు చేతులా పట్టుకుని వెన్ను చూసింది. సాల్మన్‌కు వెన్ను మీద, తోకకు కాస్త ముందు, బొటనవేలంత మెత్తటి రెక్క ఒకటి ఉంటుంది. హేచరీలో పెంచి వదిలిన పిల్లలకు ఆ రెక్క కత్తిరిస్తారు. రెక్క లేదంటే హేచరీ చేప, ఉంచుకోవచ్చు. రెక్క ఉందంటే నదిలో పుట్టిన చేప. ఆ అమ్మాయి రెక్క ఉన్న చేపను పడవ అంచు మీదుగా నీళ్లలోకి జారవిడిచింది. చేప ఒక్క క్షణం అలాగే నిలబడి, తోక విదిల్చి వెళ్లిపోయింది.

దాదాపు నా కాలంత పొడవుంది ఆ చేప. ఆ ఇంట్లో ఆ రోజు కూర అది. దాన్ని వదిలేశారు.

నా ప్రశ్న ఒకటే. మన సరస్సులో, మన చెరువుల్లో ఇలా ఏరి పట్టడం, ఏరి వదలడం సాధ్యమా?

---

స్వర్ణముఖి77 (శ్రీకాళహస్తి) · ఆదివారం రాత్రి 9:48

బాగా రాశారు మేడమ్. కానీ నాకు సందేహం. అక్కడ డబ్బుంది, హేచరీ ఉంది, జీతం ఇచ్చి రెక్క చూడమనే మనుషులున్నారు. ఇక్కడ పొద్దున వల వేస్తేనే సాయంత్రం పొయ్యి వెలిగేది. దొరికిన చేపని వదలమని ఎవరికి చెప్తాం? మొప్పల్లో చిక్కుకునే వలలో పడిందంటే ఎలాగూ చచ్చే పైకొస్తుంది. చచ్చిన చేపని వదిలితే ఎవరికి లాభం?

---

పులికాట్_విశ్రాంత (సూళ్లూరుపేట) · ఆదివారం రాత్రి 10:30

మత్స్యశాఖలో పనిచేసి రిటైరయ్యాను. సగం జీవితం ఈ సరస్సు చుట్టూనే.

స్వర్ణముఖి గారు అసలు విషయం పట్టుకున్నారు. మొప్పల్లో చిక్కించే ఆ నిలువు వల తన కన్ను, అంటే రంధ్రం, సైజును బట్టి చేపని ఏరుతుంది. మరీ చిన్నది దూరిపోతుంది, మరీ పెద్దది తల పట్టక తప్పుకుంటుంది, మధ్య సైజుది మొప్పల దగ్గర బిగుసుకుంటుంది. అంటే సైజును ఏరుతుంది గానీ జాతిని ఏరదు. పైగా చిక్కిన చేప ఊపిరాడక పోతుంది. అంతరించిపోయే చేప, పుష్కలంగా ఉన్న చేప ఒకే సైజులో ఉంటే ఆ వలకు తేడా తెలియదు. కోల్విల్ వాళ్లు ముందు మార్చుకున్నది ఇదే. ప్రాణంతో పట్టే పద్ధతికి వచ్చారు. రింగు వల, ఒడ్డుకు లాగే అలివి వల, నదికి అడ్డంగా దడి కట్టి మధ్యలో బోనులాంటి గది పెట్టడం, ఇవన్నీ చేపని బతికుండగా చేతికిస్తాయి. బతికుంటేనే కదా వదలాలా వద్దా అన్న మాట వచ్చేది.

మేడమ్ గారు చెప్పిన మెత్తటి రెక్క మన జెల్లకు కూడా ఉంటుంది. ఈసారి మార్కెట్‌లో జెల్ల కొంటే వెన్ను తడిమి చూడండి.

ఇంకొకటి. హేచరీ చేపని ఏరి తినడం వల్ల నదిలో పుట్టిన చేపకు రెండు విధాల మేలు. ఒకటి, దాన్ని వదిలారు. రెండు, గుడ్లు పెట్టే గులకరాళ్ల మీద హేచరీ చేపల జనం తగ్గింది. తొట్లలో పెరిగినవి ఎక్కువై అడవి చేపతో కలిస్తే, వాటి పిల్లలు నదిలో అంత బాగా నిలదొక్కుకోవు. అందుకే అక్కడ హేచరీ చేపని పట్టడం కూడా కాపాడే పనిలో భాగమే. కోల్విల్ వాళ్ల సొంత హేచరీ 2013లో మొదలైంది.

---

తడ_పడవ (తడ మండలం) · సోమవారం ఉదయం 6:20

వేటకెళ్లి వచ్చాక రాస్తున్నా. మేం పట్టపోళ్లం, మా తాతల నాటి నుంచీ ఇదే పని.

పెద్దలు తప్పుగా అనుకోవద్దు. చేప తగ్గిందంటే అందరూ వల కన్ను గురించే మాట్లాడతారు. సరస్సు ముఖం, అంటే సముద్రంలో కలిసే చోటు, దాని గురించి ఎవరూ మాట్లాడరు. రాయదొరువు దగ్గర ఇసుక మేట వేసి సముద్రం నీళ్లు లోపలికి రావడం లేదు. రొయ్య పిల్ల సముద్రం నుంచి లోపలికి వచ్చి పెరగాలి, పెరిగినది మళ్లీ బయటికి పోవాలి. తలుపు మూసేసి ఇంట్లో చుట్టాలు లేరంటే ఎట్టా? ఎండాకాలం వస్తే ఉత్తరం వైపు మైళ్ల కొద్దీ బీడు. పడవ తోసుకుంటూ నడిచే రోజులున్నాయి.

మాకూ కట్టుబాటు ఉంది. తమిళనాడు వైపు ఊళ్లలో పాడు అంటారు. ఏ రోజు ఎవరు ఎక్కడ వల కట్టాలో చీటీ వేసి తేలుస్తారు. చీటీలో పేరు లేనివాడు ఆ చోట వల దించడు. దాని వల్లే ఇన్నాళ్లూ కొట్టుకోకుండా బతికారు. కట్టుబాటు గురించి అమెరికా నుంచి నేర్చుకోవాల్సిన పని లేదు.

---

కాళంగి_ఒడ్డు (సూళ్లూరుపేట) · సోమవారం మధ్యాహ్నం 1:05

తడ అన్నా, మీ మాటలో తలుపు సంగతి నూటికి నూరు నిజం. పాడు సంగతి మాత్రం ఒకసారి మా వైపు నుంచి చూడండి.

మేం యానాదులం. మా కాలనీలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. పాడు చీటీ ఆ కట్టుబాటున్న కులం వాళ్లకే. మా పేరు ఏ చీటీలోనూ లేదు. మాకు పడవ లేదు, పెద్ద వల లేదు. మోకాటి లోతు నీళ్లు మావి. ఎవరూ వల దించని చోటు మాది.

మా అవ్వ ఇప్పటికీ నీళ్లలోకి దిగుతుంది. నడుము లోతులో కూర్చున్నట్టు వంగి, రెండు చేతులతో బురద తడుముతూ వెనక్కి వెనక్కి జరుగుతుంది. తాటాకు బుట్ట తాడు పళ్లతో కరిచి పట్టుకుంటుంది. చేతికి రొయ్య తగిలితే బుట్టలోకి. కళ్లు ఎటో చూస్తుంటాయి, చేతులే చూస్తాయి. వేలి పొడవు లేని రొయ్యను ముట్టుకున్న చేయి ముట్టుకున్నట్టే వదిలేస్తుంది. నేను చిన్నప్పుడు అడిగితే, 'దాన్నిప్పుడు తింటే గోరంత, ఆగి తింటే దోసిలంత' అనింది.

ఊత కూడా అంతే. వెదురుబద్దలతో అల్లిన బుట్ట, పైనా కిందా తెరిచే ఉంటుంది. తక్కువ నీళ్లలో గబుక్కున దించుతాం. లోపల ఏదో కొట్టుకున్నట్టు బద్దలు అదిరితే పైనుంచి చేయి పెట్టి తడుముతాం. ఏం చిక్కిందో చేతికి తెలుస్తుంది. జెల్ల అయితే ముల్లు గుచ్చుకోకుండా తల వెనక పట్టుకోవాలి. వద్దనుకుంటే ఊత ఎత్తేస్తాం, చేప పోతుంది. దానికి చిన్న దెబ్బ కూడా తగలదు.

జువాలజీ అక్కా, మీరు అక్కడ తొట్టి దగ్గర చూసింది మా అవ్వ చేతుల్లో ఉంది. అది చదువుతుంటే నాకు అవ్వే కనిపించింది.

---

జువాలజీ_అక్క (తిరుపతి) · సోమవారం రాత్రి 8:40

తమ్ముడూ, నీ పోస్టు మూడుసార్లు చదివాను. క్లాసులో ఇన్నేళ్లు పిల్లలకు వలల గురించి చెప్పాను గానీ ఊత గురించి ఒక్కరోజు చెప్పలేదు. రేపు చెప్తాను.

---

పిచ్చాటూరు_రైతు · సోమవారం రాత్రి 9:15

సరస్సు సంగతి నాకు తెలియదు, చెరువు సంగతి చెప్తాను. మా వైపు చెరువులో నీళ్లు అడుగంటే రోజున ఊరంతా దిగేది. ఊతలు, చీరలు, గంపలు, ఏది దొరికితే అది. వాలుగ, మార్పు, కొరమీను, గురక. సాయంత్రానికి ఊరంతా చేపల పులుసు వాసన. ఇప్పుడు చెరువు చేప వేలం. పాడుకున్నవాడు బొచ్చె, శీలావతి పిల్లల్ని వేస్తాడు. మిగతా చేప వాడికి కలుపు మొక్క. కొందరైతే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ వేశారు. కేంద్రం దాన్ని 2000లోనే నిషేధించింది, అయినా గుంతల్లో పెంచినది వరద వస్తే ఏ చెరువులో తేలుతుందో ఎవరికి తెలుసు? అది తన మూతిలో పట్టే దేన్నయినా మింగుతుంది. మా మార్పు చేపని చూసి చాలా ఏళ్లయింది.

---

పులికాట్_విశ్రాంత (సూళ్లూరుపేట) · సోమవారం రాత్రి 10:02

రైతు గారూ, మీ మార్పు ఇప్పుడు ప్రపంచ ప్రమాద జాబితాలో ఉంది, అంతరించే ప్రమాదం ఉన్న వర్గంలో. వాలుగ దానికన్నా ఒక మెట్టు కింద. ఒకప్పుడు మురికి గుంతలో కూడా దొరికిన చేపలు. మార్పు గాలి కూడా పీల్చగలదు, కాబట్టి ఊతలో చిక్కాక కాసేపు బయట ఉన్నా బతికే ఉంటుంది. వదిలిపెట్టడానికి అంతకన్నా వీలైన చేప లేదు.

---

సియాటిల్_చిత్తూరోడు · మంగళవారం ఉదయం 4:30

నేను చిత్తూరు టౌన్ వాణ్ణి, 14 ఏళ్లుగా సియాటిల్‌లో. ఈ చర్చ చూసి నిద్ర పట్టలేదు. అక్కడి కథలో ఒక ముక్క ఇక్కడ ఎవరూ చెప్పలేదు, అది చెప్పకపోతే అన్యాయం.

గిరిజనులు ఈ పద్ధతులు కొత్తగా నేర్చుకోలేదు. వాళ్ల చేతిలో ఉన్నవి లాగేసుకున్నారు. కెనడాలో బబీన్ సరస్సు దగ్గరి తెగ నదికి అడ్డంగా దడులు కట్టి, ఎన్ని చేపలు పోనివ్వాలో ఎన్ని పట్టాలో కళ్లతో చూసి తేల్చుకునేది. సముద్రం ఒడ్డున క్యానరీలు, అంటే చేపని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు, పెట్టినవాళ్లు చేప తగ్గిందని దడుల మీద నింద వేశారు. 1906లో ప్రభుత్వం ఆ దడులు తీయించింది. బదులుగా ఏమిచ్చిందో తెలుసా? వలలు. ప్రాణంతో ఏరే దడి తీసేసి, ఏది పడితే దాన్ని చంపే వల చేతికిచ్చారు.

వాషింగ్టన్‌లో ఇంకో రకం. నదిలో, ఒడ్డున పెద్ద పెద్ద బోనులు పెట్టి కంపెనీలు లెక్కలేకుండా పట్టాయి. 1934లో జనం ఓటు వేసి అలాంటి పాతుకుని ఉండే బోనులన్నీ నిషేధించారు. ఇప్పుడు అదే బోను, నీళ్లలో చేప బతికుండేలా మార్చుకుని, మళ్లీ వాడి చూస్తున్నారు. సాధనం ఒకటే. కంపెనీ చేతిలో నదిని ఊడ్చేసింది, వదలాలనుకున్నవాడి చేతిలో చేపని కాపాడుతోంది.

అలా వదలాలని ఎవరికి అనిపిస్తుంది? 1974లో ఇక్కడ జడ్జి బోల్ట్ తీర్పు వచ్చింది. తెగలు ప్రభుత్వంతో చేసుకున్న పాత ఒప్పందాల ప్రకారం పట్టదగిన చేపలో సగం దాకా గిరిజనుల వాటా అని, చేపల నిర్వహణలో వాళ్లకూ చోటుందని తేల్చింది. దానికి ముందు ఇదే నదుల మీద చేపలు పట్టినందుకు వాళ్లను అరెస్టు చేశారు. కోల్విల్ వాళ్లు ఆ ఒప్పందాల తెగల్లో లేరు, వాళ్ల రిజర్వేషన్ 1872లో అధ్యక్షుడి ఉత్తర్వుతో వచ్చింది. అయినా పోరాటం ఒకటే. నా వాటా రాసి ఉంది, ఈరోజు వదిలిన చేప పిల్లలు పెట్టి నాలుగేళ్లకు మా నదికే వస్తాయి, వాటిలో నా భాగం నాదే అన్న ధీమా ఉన్నవాడే వదులుతాడు.

---

స్వర్ణముఖి77 (శ్రీకాళహస్తి) · మంగళవారం ఉదయం 9:20

ఇది నాకు నచ్చింది అన్నా. నా మొదటి ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. పేదవాడు వదలడు అనుకున్నాను. వదిలినది పక్కవాడు పట్టేస్తాడని తెలిసినవాడు వదలడు. పేద, గొప్ప తేడా తర్వాతి మాట.

కానీ ఒక మాట అడగాలి, కాళంగి తమ్ముడు ఏమీ అనుకోకూడదు. ఇప్పుడు యానాదులు కూడా దోమతెర లాంటి సన్న వలలతో పిల్ల చేపల్ని ఊడ్చడం నేను కళ్లారా చూశాను. అవ్వ చేతుల కాలం పోలేదా?

---

మోడరేటర్ · మంగళవారం ఉదయం 11:00

పై ప్రశ్నకు జవాబుగా ఒక సభ్యుడు కులం పేరుతో చేసిన వ్యాఖ్యను తీసేశాం. చర్చ చాలా బాగా సాగుతోంది, అందరూ ఇలాగే మాట్లాడండి.

---

కాళంగి_ఒడ్డు (సూళ్లూరుపేట) · మంగళవారం రాత్రి 10:45

అన్నా, మీరు చూసింది నిజం. దాచను.

మా చిన్నాన్న వాడతాడు సన్న వల. ఎందుకంటే, వర్షాకాలంలో పని లేనప్పుడు ఒక వ్యాపారి దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాడు. ఆ అడ్వాన్స్ తీరేదాకా పట్టిందంతా ఆయనకే ఇవ్వాలి. రేటు ఆయన చెప్పిందే. కిలోకి ఎంత తక్కువ వస్తే అన్ని ఎక్కువ కిలోలు కావాలి. ఆ టెన్షన్‌లో వేలి పొడవు చూసుకునే తీరిక ఉండదు. వలని ఇచ్చింది కూడా ఆయనే, అదీ బాకీలో రాశాడు. సియాటిల్ అన్న చెప్పిన 1906 కథ చదువుతుంటే మా చిన్నాన్న గుర్తొచ్చాడు. ఊత తీసేసి వల చేతికిచ్చారు, అంతే.

మా అవ్వకి బాకీ లేదు. అవ్వ పట్టేది ఇంటికి, మిగిలితే వీధిలో అమ్మకానికి. అందుకే అవ్వ చేయి ఇంకా ఏరుతోంది.

---

తడ_పడవ (తడ మండలం) · బుధవారం ఉదయం 5:50

తమ్ముడూ, అడ్వాన్స్ మా మెడలోనూ ఉంది. పడవ ఇంజన్ సగం మా సేటుదే. ఇన్నాళ్లూ నీళ్లలో మీరు మాకు అడ్డమని మా వాళ్లు, మేం మీకు అడ్డమని మీ వాళ్లు అనుకున్నాం. పీత వదలమంటే నేను ఒప్పుకుంటా, కానీ నేను వదిలింది నీ చేతికి, నువ్వు వదిలింది నా వలకి పడకూడదు. మాట ఒక్కటి కావాలి.

పీత అన్నాను కదా. ఆడ మండపీత కడుపులో గుడ్డు కట్టాక సముద్రానికి పోయి అక్కడ విడుస్తుంది. ముఖం దాటే దారిలోనే ఎక్కువ పట్టేస్తారు, గుడ్డు పీతకి రేటు ఎక్కువ కాబట్టి. పీత మాత్రం వలలో పడినా బతికే వస్తుంది. దాన్ని విడిపించి వదలడానికి అమెరికా తొట్టి అక్కర్లేదు.

---

పులికాట్_విశ్రాంత (సూళ్లూరుపేట) · బుధవారం రాత్రి 9:30

తడ తమ్ముడు చెప్పిన దాంట్లోనే అసలు మొదలుపెట్టే చోటు ఉంది. పీతని తిరగేసి చూడండి. పొట్ట మీద మడిచిన పలక ఉంటుంది. సన్నగా త్రికోణంలా ఉంటే మగది. వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఎదిగిన ఆడది. అక్కడ రెక్క చూసినట్టు ఇక్కడ పలక చూడాలి. చిన్న పిల్లాడికి కూడా ఒక్క రోజులో వస్తుంది.

సముద్రానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంది. మర పడవలకు అది చాలా మంచిదే. కానీ క్యాలెండర్ పెట్టి అందరినీ ఒకేసారి ఆపడం వేరు, ఏరి పట్టడం వేరు. సరాసరి మీటరు లోతు కూడా సరిగ్గా లేని మన సరస్సులో రెండోదే ఎక్కువ పనిచేస్తుందని నా అనుభవం. లోతు తక్కువ కాబట్టే చేయి అడుగు దాకా అందుతుంది.

ముఖం సంగతి కూడా వదలకూడదు. ఒడిశాలో చిలికా సరస్సుకు 2000లో సముద్రంలోకి కొత్త ముఖం తెరిచారు. ఉప్పు నీళ్లు తిరిగొచ్చాయి, చేప తిరిగొచ్చింది. దేశంలో సముద్రం నీళ్లు కలిసే ఉప్పునీటి సరస్సుల్లో సైజులో చిలికా మొదటిది, మనది రెండోది అంటారు. వదిలిన పీతకి సముద్రం దారి లేకపోతే వదిలి ఏం లాభం? ఈ రెండూ కలిసే నడవాలి.

పాత విషయం ఒకటి గుర్తుచేస్తాను. శ్రీహరికోటలో రాకెట్లు ఎగరకముందు, అంటే 1971కి ముందు, ఆ అడవిలో యానాదులు ఉండేవాళ్లు. తేనె, మూలికలు, చేప, అన్నీ వాళ్లకు తెలుసు. వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా యానాదుల కోసం పనిచేశారు, 1973లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన తరం తర్వాత ఈ నీళ్ల మీద వాళ్ల హక్కు గురించి మాట్లాడినవాళ్లు బాగా తక్కువ.

---

సియాటిల్_చిత్తూరోడు · గురువారం ఉదయం 5:10

శ్రీహరికోట అనగానే కెటిల్ జలపాతం గుర్తొచ్చింది సార్. కొలంబియా మీద గ్రాండ్ కూలీ డ్యామ్ కడుతున్నప్పుడు, తెగలన్నీ కలిసి చేపలు పట్టుకునే ఆ జలపాతం మునిగిపోతుందని తెలిసి, 1940 జూన్‌లో మూడు రోజులు అక్కడ కూడారు. దానికి కన్నీళ్ల వేడుక అని పేరు. చుట్టుపక్కల తెగల జనం వేల మంది వచ్చి నదికి వీడ్కోలు చెప్పారు. ఆ తర్వాత డ్యామ్ పైన సాల్మన్ లేదు. 2023లో మాత్రం, ఆ డ్యాముల పైకి సాల్మన్‌ను మళ్లీ తేవడానికి 20 ఏళ్లలో 20 కోట్ల డాలర్లు ఇచ్చేలా కోల్విల్, స్పోకేన్, కోర్ డాలీన్ తెగలతో ఒప్పందం కుదిరింది. 80 ఏళ్లకు పైగా అడుగుతూనే ఉన్నారు, మానలేదు.

---

చిత్తూరు_వకీలు · గురువారం రాత్రి 8:15

హక్కు అన్న మాట వచ్చింది కాబట్టి చట్టం ముక్క చెప్తాను. 2006 అటవీ హక్కుల చట్టం అంటే అందరూ పోడు భూమి పట్టా అనుకుంటారు. అందులో 3వ సెక్షన్, 1వ ఉపసెక్షన్‌లో డి క్లాజు చదవండి. చేపలు, నీటి వనరుల్లో దొరికే ఇతర ఉత్పత్తుల మీద సామూహిక వినియోగ హక్కు అక్కడ రాసి ఉంది. అభయారణ్యాల్లోని అటవీ భూమికీ ఈ చట్టం వర్తిస్తుంది. మన వైపు పులికాట్‌లో చాలా భాగం పక్షుల అభయారణ్యం. ఆ సరస్సు ముంపులో ఎంత భాగం అటవీ భూమి కిందికి వస్తుందన్నది సర్వే నంబర్లు పట్టుకుని చూడాలి, అది పని. కానీ అర్జీ మొదలయ్యేది కలెక్టరేట్‌లో కాదు, గ్రామసభలో. కాలనీ అంతా కూర్చుని ఏ నీళ్లలో, ఏ కాలంలో, ఏ సాధనంతో పడతారో రాయాలి. కాళంగి తమ్ముడూ, అవ్వ చెప్పేదంతా రాసిపెట్టుకో. అదే సాక్ష్యం. పెద్దవాళ్ల వాంగ్మూలాన్ని రుజువుగా తీసుకోవాలని నిబంధనల్లోనే ఉంది.

ఆ అర్జీలోనే, ఏది పడతాం, ఏది వదులుతాం అన్నదీ రాయండి. ఇదే చట్టంలో 5వ సెక్షన్ నీటి వనరుల్ని, జీవుల్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇస్తుంది.

---

పిచ్చాటూరు_రైతు · గురువారం రాత్రి 9:00

వకీలు గారూ, చెరువు వేలానికి కూడా ఏదైనా దారి ఉంటే వేరే పోస్టు పెట్టండి. మార్పు, వాలుగ చిక్కితే వదలాలని వేలం షరతుల్లో ఒక్క లైను రాయించగలిగినా చాలు నాకు.

---

కాళంగి_ఒడ్డు (సూళ్లూరుపేట) · ఆదివారం రాత్రి 8:30

మూడు రోజులు రాయలేకపోయాను, నీళ్లలో ఉన్నాను.

ఈ పోస్టులన్నీ అవ్వకి చదివి వినిపించాను. రెక్క చూసి వదిలే అమ్మాయి కథ రెండుసార్లు చదివించుకుంది. నిన్న పొద్దున అవ్వతో పాటు దిగాను. మూడు గంటల్లో తొమ్మిది పీతలు. అవ్వ ప్రతిదాన్నీ తిరగేసి నాకు పలక చూపించింది, సార్ చెప్పినట్టే. నాలుగు ఆడవి. రెండు బాగా బరువుగా ఉన్నాయి, పలక అంచు పైకి ఉబ్బి లోపల నారింజ రంగు కనిపిస్తోంది. ఆ రెండూ ఒడ్డు దగ్గర వదల్లేదు, లోతు ఉన్న వైపు పది అడుగులు నడిచి అక్కడ వదిలింది. ఒడ్డున వదిలితే వెనక వచ్చేవాళ్లు తొక్కుతారని.

చిన్నాన్న ఒడ్డు మీద కూర్చుని చూశాడు. 'ఆ రెండూ ఉంటే ఎంతొచ్చేదో తెలుసా' అన్నాడు. అవ్వ ఏమీ అనలేదు. సాయంత్రం మళ్లీ వచ్చి, కాలనీ వాళ్లంతా ఒప్పుకుంటే తను కూడా వదులుతానని, కానీ అడ్వాన్స్ సంగతి ముందు తేల్చాలని చెప్పాడు. కాలనీలో పదకొండు ఇళ్లవాళ్లు గుడ్డు పీత వదలడానికి సరే అన్నారు. అడ్వాన్స్ ఉన్న ఇళ్లు ఇంకా మాట ఇవ్వలేదు. ఇవ్వమని నేను ఒత్తిడి చేయలేదు.

తడ అన్నా, వచ్చే ఆదివారం కాళంగి వంతెన దగ్గరకి మీ ఊరి పెద్దలు ఇద్దరిని తీసుకురాగలరా? మా వైపు నుంచి అవ్వ, చిన్నాన్న, నేను వస్తాం. మీరు వదిలింది మేం పట్టం అని మేం ముందు చెప్తాం.

---

తడ_పడవ (తడ మండలం) · ఆదివారం రాత్రి 9:05

తెస్తా తమ్ముడూ. పొద్దున వద్దు, వేట ఉంటుంది. సాయంత్రం నాలుక్కి. అవ్వని నడిపించొద్దు, మా బండి పంపిస్తా.

---

జువాలజీ_అక్క (తిరుపతి) · ఆదివారం రాత్రి 9:20

నేనూ వస్తాను. నలుగురు పిల్లలు కూడా వస్తామంటున్నారు, ఊత ఎలా అల్లుతారో చూడాలట. వల కన్ను కొలిచే స్కేలు కాలేజీలో ఉంది, తెస్తాను. అవ్వకి నా తరఫున ఒక మాట అడుగు తమ్ముడూ, తాటాకు బుట్ట ఒకటి మాకు అమ్ముతుందా అని.

---

కాళంగి_ఒడ్డు (సూళ్లూరుపేట) · ఆదివారం రాత్రి 9:41

అడిగాను అక్కా. అమ్మదంట. మీ పిల్లలు వస్తే కూర్చోబెట్టి అల్లడం నేర్పుతుందంట, పచ్చి తాటాకు మాత్రం వాళ్లే కోసుకురావాలంట.